పేరు లేని పద్దు

సంపాదకులకు నమస్కారం.

గత వారం మీ ఆదివారం అనుబంధంలో కృతజ్ఞత గురించి వచ్చిన వ్యాసాన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి బండి దగ్గర చదివాను. అక్కడ ఏ పత్రికా చట్నీ మరక పడకుండా పది నిమిషాలు నిలవదు కాబట్టి సగంలోనే ఆగింది. రెండోసారి మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక ఇంట్లో చదివాను. మూడోసారి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె మినప్పప్పులో రాళ్లు ఏరుతూ అంతా విని, "రాసినాయనకు ఎప్పుడైనా డ్రమ్ము నిండా పిండి పులిసిపోయిందా?" అని ఒక్క ప్రశ్న వేసింది. ఆ ప్రశ్న మీదాకా రావాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

వ్యాసం బాగానే ఉంది. రోజూ పడుకునే ముందు ఆ రోజు జరిగిన మంచిని ఐదు వాక్యాల్లో రాసుకోమన్నారు. అభ్యంతరం లేదు. చివరికి వచ్చేసరికి మాత్రం, వచ్చిన ప్రతి కష్టానికీ చేతులెత్తి మొక్కమన్నారు, కష్టమే మనల్ని మలిచే గురువు అన్నారు. అక్కడ నాకు ముద్ద దిగలేదు. కష్టం తెచ్చిపెట్టినవారు వేరు, కష్టంలో గిన్నెడు పాలు పోసినవారు వేరు. ఇద్దరికీ కలిపి ఒకటే దండం పెట్టేస్తే రెండోవారికి అన్యాయం జరిగినట్టే.

నా సంగతి కొంచెం చెప్పాలి. తిరుపతి రైల్వే స్టేషన్ నుంచి గోవిందరాజస్వామి గుడి వైపు నడిచే దారిలో నాకొక టిఫిన్ బండి ఉంది. ఇరవై ఆరేళ్లయింది. ఇడ్లీ, వడ, ఎర్రకారం దోశ, శని ఆదివారాల్లో పొంగలి. డిగ్రీ రెండో ఏడు దాకా చదివి లెక్కల్లో తప్పాను. లెక్కల్లో తప్పినవాడు జీవితమంతా చిల్లర లెక్కపెట్టుకుంటూ బతుకుతున్నాడని మా నాన్న పోయేదాకా నవ్వుతూనే ఉన్నాడు.

నా బండి దగ్గర తినేవాళ్లలో ముప్పాతిక మంది కొండ దిగి వచ్చినవాళ్లే. గుండు మీద గంధం ఇంకా ఆరని తండ్రి, తన తలను తానే తడుముకుంటూ ఇది నాదేనా అన్నట్టు చూసే పిల్లవాడు, జడ ఇచ్చేసి కొంగు కప్పుకున్న తల్లి. ఆకలి మీద ఉంటారు, ప్రాణం తేలికపడి ఉంటారు, మాట్లాడుకుంటూ తింటారు. చట్నీ వేస్తున్నవాడికి చెవులు ఉంటాయని ఎవరూ అనుకోరు. బిడ్డకు జ్వరం తగ్గితే వస్తామని మొక్కుకున్నామని ఒకరు, ఊడిన ఉద్యోగం తిరిగి వచ్చిందని ఒకరు, ఆపరేషన్ తర్వాత ఇదే మొదటి ప్రయాణమని ఒకరు. ఇరవై ఆరేళ్లలో జ్వరం వచ్చినందుకు గుండు చేయించుకున్నానని చెప్పినవారు ఒక్కరూ తగల్లేదు. తగ్గినందుకే ఇస్తారు తల. గట్టెక్కించినవాడికి మొక్కు చెల్లిస్తారు గానీ, ఏటిలోకి తోసినదానికి చెల్లించరు. మీ వ్యాసకర్త ఒక పూట వచ్చి నా బండి పక్కన ముక్కాలిపీట వేసుకుని కూర్చుంటే ఇది పుస్తకాలు చదవకుండానే తెలిసిపోయేది.

ఇక పిండి సంగతి. 2020 మార్చి 19 సాయంత్రం ఎప్పటిలాగే ఇరవై కిలోల ఉప్పుడు బియ్యం, ఐదు కిలోల మినప్పప్పు, గుప్పెడు మెంతులు గ్రైండరుకు వేశాం. కరోనా వల్ల కొండ మీద దర్శనాలు ఆపేస్తున్నారని అప్పటికే వీధిలో మాట తిరుగుతోంది. నేను నమ్మలేదు. రోజుకు అరవై, డెబ్బై వేల మంది ఎక్కే కొండ. వానకు ఆగలేదు, బంద్‌లకు ఆగలేదు, నేను పుట్టిన తర్వాత ఎన్నడూ రోజుల తరబడి ఆగి ఎరగదు. మర్నాడు ఆగింది.

కొండ ఆగిందని మనుషులకు తెలిసింది, పిండికి తెలియదు కదా. అది తన పాటికి తాను పొంగుతూ కూర్చుంది.

తెల్లవారుజామున నాలుగున్నరకు బండి పెట్టాను. ఐదయింది, ఆరయింది. రాత్రి రైళ్లలో దిగి కొండ కింద అలిపిరి దాకా పోయినవాళ్లు కొందరు తిరిగి స్టేషన్ వైపు వస్తున్నారు. అందులో ఒకాయన నా దగ్గర ఆగాడు. యాభై దాటి ఉంటాయి. బూడిద రంగు చొక్కా, భుజాన నల్ల సంచి, నుదుటి మీదికి పడే ఒత్తయిన జుట్టు. ఆ జుట్టు ఎందుకు గుర్తుందో తర్వాత చెబుతాను. రెండు ఇడ్లీలు తిన్నాడు. మొక్కు తీర్చుకుందామని రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చానని, వెనక్కి పంపేశారని చెప్పాడు. ఆ చెప్పడంలో కోపం లేదు, ఏదో పోస్టాఫీసు మూసి ఉందని చెప్పినట్టు చెప్పాడు. తర్వాత నా వెనక ఉన్న రెండు డ్రమ్ముల వంక చూసి, "ఇదంతా ఏమవుతుంది?" అన్నాడు.

"మధ్యాహ్నానికి పులుస్తుంది. సాయంత్రానికి ఆవులకు" అన్నాను.

ఆయన చొక్కా జేబులోంచి ఐదు వందల నోటు తీసి బండి మీద పెట్టాడు. గాలికి ఎగరకుండా దాని మీద కారం గిన్నె జరిపాడు. "వీలైనన్ని వేసి స్టేషన్ బయట కూర్చున్నవాళ్లకు పెట్టండి. ఎలాగూ హుండీలో వేయాల్సిన డబ్బే" అన్నాడు. నేను చేతులు తుడుచుకుని పేరు అడిగేలోగా రోడ్డు దాటి వెళ్లిపోయాడు.

ఐదు వందలకు అంత పిండి రాదు. అయినా ఒక డ్రమ్ము ఖాళీ అయ్యేదాకా వాయి మీద వాయి వేశాను. స్టేషన్ బయట సామాన్ల మీద కూర్చున్నవాళ్లు, రిక్షావాళ్లు, పూలమ్మే ముసలావిడ, ఇద్దరు కానిస్టేబుళ్లు, అందరూ తిన్నారు. రెండో డ్రమ్ము పదకొండు గంటలకు పొంగి మూతను పక్కకు తోసింది. పిండి డ్రమ్ము అంచు మీదుగా జారి, బండి చక్రం పక్కనుంచి కాలువలోకి పోతుంటే ఇద్దరం నిలబడి చూశాం. మా ఆవిడ వేసిన ప్రశ్న ఆ డ్రమ్ము గురించే.

మళ్లీ సామాన్య భక్తులను కొండకు పంపింది జూన్ 11న. ఎనభై మూడు రోజులు. మొదట్లో రోజుకు ఆరు వేల మందినే అనుమతించారు. అరవై వేల ఆకళ్ల మీద బతికే ఊరికి ఆరు వేలు ఏ మూలకు? రైలు కూతను బట్టి నిద్ర లేచే అలవాటు నాది. కూత లేక మొదటి వారం ఏ వేళకు లేవాలో తెలియలేదు. మా అమ్మాయి ఫిబ్రవరిలో పురిటికి వచ్చి ఉంది, అల్లుడు చెన్నైలో ఇరుక్కుపోయాడు. ఇంట్లో బాలింత, పసికందు, సగం నిండిన గ్యాసు సిలిండరు.

మాకొక పొడుగు పుస్తకం ఉంది. ఎడమ పేజీ రావలసినవి, కుడి పేజీ ఇవ్వవలసినవి. ఆ ఎనభై మూడు రోజుల్లో ఎడమ పేజీ తెల్లగా ఉండిపోయింది, కుడి పేజీ నిండిపోయింది. ఊరికే తీసుకోవడం నాకు చేతకాదు. ఎవరేమిచ్చినా పద్దు రాసుకున్నాను.

"పాలావిడ, అర లీటరు." మొదటి పది రోజులు డబ్బిచ్చాను. తర్వాత వద్దన్నాను. ఆమె ఆపలేదు. గుమ్మం బయట గిన్నె పెట్టకపోతే తలుపు తట్టి గిన్నె అడిగేది. రోజుకొక గీత, ఐదో గీత అడ్డంగా. అలా డెబ్బైకి పైగా గీతలు చేరాయి. "పప్పుల కొట్టు, మినప్పప్పు ఐదు కిలోలు, కందిపప్పు మూడు." ఫోను చేసి మరీ పంపించాడు. "ఇంటి ఓనరు, మూడు నెలలు, అడగలేదు." ఈ మనిషి గురించి మంచి రాయాల్సి వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. నీళ్ల మోటారు విషయంలో మా ఇద్దరికీ పదేళ్ల తగువు ఉంది.

ఏప్రిల్‌లో ప్రభుత్వం తెల్ల కార్డులకు వెయ్యి రూపాయలిచ్చింది, ఉచిత బియ్యం ఇచ్చింది. అది ఏ పేజీలో రాయాలో తేలలేదు. తిరిగి ఎవరికివ్వాలి? మా ఆవిడ, "అగ్గిపెట్టె కొన్నా పన్ను కడుతున్నాం, మనది మనకే వచ్చింది, ఎడమ పేజీలో రాయి" అంది. రాజకీయాల్లోకి వెళ్లాల్సిన మనిషి, నా పెనం పక్కన చిక్కుకుపోయింది.

కుడి పేజీలోనే ఇంకొక పద్దు ఉంది. రోజువారీ వడ్డీ ఇచ్చేవాడిది. జూన్‌లో బండి పెట్టిన మొదటి రోజునే వచ్చి, ఆగిన రోజులకు కూడా వడ్డీ కట్టమన్నాడు. కట్టాను. పాలావిడ పద్దు, ఆయన పద్దు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. చూడడానికి రెండూ అంకెలే. ఒకటి కొట్టేసినప్పుడు పీడ వదిలిందనిపించింది. రెండోది కొట్టేయాలంటే ఇప్పటికీ చెయ్యి రాదు.

అన్నింటికంటే పైన, మార్చి 20 తేదీ కింద, ఇలా ఉంటుంది: "పేరు తెలియదు. బూడిద చొక్కా, నల్ల సంచి. 500."

మా ఊళ్లో బాకీ పడడం చిన్నతనం కాదు. ఊరి దేవుడే అప్పులవాడు. పెళ్లికి కుబేరుడి దగ్గర అప్పు తీసుకుని ఇప్పటికీ వడ్డీ కడుతున్నాడు కనుకనే వడ్డికాసులవాడని పిలుచుకుంటాం. అన్నగారు గోవిందరాజస్వామి ఆ సొమ్మును కుంచంతో కొలిచి కొలిచి అలిసిపోయి, ఆ కుంచమే తలకింద పెట్టుకుని పడుకున్నాడని చెబుతారు. నా బండి ఆ గుడి దారిలోనే ఉంది కాబట్టి రాత్రి గల్లా లెక్కపెట్టేటప్పుడు నాకు ఆయనే గుర్తుకొస్తాడు. వెంకటేశ్వరుడు కుబేరుడికి బాకీ పడ్డాడు గానీ, తన లేమికి దండం పెట్టాడని మాత్రం ఏ కథలోనూ వినలేదు. "మీకు ఋణపడి ఉంటాను" అనే మాట మనకు ఉండనే ఉంది. ఎవరికి ఋణపడ్డామో పేరు చెప్పకుండా ఆ మాట వాడలేం.

జూన్ తర్వాత ఒక్కొక్కటే తీర్చడం మొదలుపెట్టాను. పప్పుల కొట్టాయన తీసుకున్నాడు. ఇంటి ఓనరు మూడు నెలల అద్దె పైసాతో సహా తీసుకున్నాడు, వడ్డీ అడగలేదు, మరుసటి వారం మోటారు తగువు మళ్లీ మొదలుపెట్టాడు. పాలావిడ దగ్గరికి కవరులో డబ్బు పెట్టుకుని వెళ్లాను. ఆమె గేదె పొదుగు కడుగుతూ తల తిప్పకుండానే, "నీకెప్పుడు పోశాను? బాలింతకు పోశాను. ఆ అమ్మాయిని రమ్మను" అంది. అమ్మాయి వెళ్లింది. "నీకు పోయలేదు, నీ బిడ్డకు పోశాను. అది పెద్దయ్యాక ఇస్తుందిలే" అంది. ఆ బిడ్డ ఇప్పుడు బడికి పోతోంది. పుస్తకంలో ఆ పద్దు దాని పేరు మీదికి మార్చాను. ఐదేళ్లకే అప్పు.

ఇలా కాస్త ఊపిరి పీల్చుకుంటుండగా 2021 నవంబర్ వచ్చింది. 18వ తేదీన మొదలైన వాన మీ పాఠకులందరికీ గుర్తుండే ఉంటుంది. కపిలతీర్థం దగ్గర కొండ మీదినుంచి నీళ్లు దూకిన తీరును ఊరంతా ఫోన్లలో చూసింది. ఆ నీళ్లు దిగి ఎక్కడికి పోవాలి? మా పేటల పేర్లు చూడండి. కొర్లగుంట, గొల్లవానిగుంట, తాతయ్యగుంట. గుంటల్లో ఇళ్లు కట్టుకున్నాం. కాలువలను సందుల్లా చేశాం, మిగిలినదాన్ని చెత్తతో పూడ్చాం. నీళ్లు వాటి పాత ఇంటికి అవి వచ్చాయి. మేముండేది ఆ గుంటల్లో ఒకదానిలోనే. బండి ఆ రాత్రి కొట్టుకుపోయి, రెండు వీధుల అవతల ఒక ప్రహరీ గోడకు ఆనుకుని, ఎవరిదో టీ బెంచీని కౌగిలించుకుని ఆగింది.

మర్నాడు దాన్ని లాగబోయి బురదలో జారి పడ్డాను. కుడి మణికట్టు పుటుక్కుమంది. చదువుకునే కుర్రాళ్లు నలుగురు, ఎవరో ఏమిటో తెలియదు, నన్ను గట్టు మీద కూర్చోబెట్టి బండిని మోకాలి లోతు నీళ్లలో ఇంటిదాకా తోసుకొచ్చారు. డబ్బు తీసుకోలేదు. "నలుగురు కుర్రాళ్లు, దోశలు బాకీ" అని ఎడమ చేత్తో రాశాను. ఆ అక్షరాలు ఇప్పుడు చూస్తే నాకే చదవరావు. తర్వాత వాళ్లు నెలరోజుల పాటు వచ్చి ఎంత తిన్నారంటే, పద్దును ఎడమ పేజీకి మార్చాల్సి వచ్చింది.

ఎక్స్‌రే తీయించాం. డాక్టరు సిమెంటు కట్టు అన్నాడు. మా ఆవిడ పుత్తూరు అంది, అక్కడ విరిగిన ఎముకలకు నాటు కట్టు కడతారు. పుత్తూరుకే వెళ్లాం. ఏది మంచిదన్న వాదన ఇక్కడ పెట్టడం లేదు. ఇంట్లో ఎవరి మాట నెగ్గుతుందో చెబుతున్నాను, అంతే. అక్కడ బల్లల మీద వరసగా కాళ్లూ చేతులూ పట్టుకున్న జనం. తమిళం, కన్నడం, తెలుగు, మూడు భాషల్లో మూలుగులు. కట్టు కట్టే ఆయన ఎక్స్‌రే కాగితాన్ని ఒకసారి వెలుతురుకు పెట్టి చూసి పక్కన పడేశాడు. నా మణికట్టును తన ఒళ్లో పెట్టుకుని, బొటనవేలితో మెల్లగా నొక్కుకుంటూ పోయాడు. నా ముఖం చూడడం లేదు, గోడ మీద క్యాలెండరు చూస్తున్నాడు. ఒకచోట వేలు ఆగింది. "ఏం పని చేస్తారు?" అని అడిగాడు. "దోశలు" అని నేను అనేలోపు లాగేశాడు. అరుపు బయటికి వచ్చేసరికి పని అయిపోయింది. ఆకు పసరు, గుడ్డ మీద కోడిగుడ్డు తెల్లసొన, పైన వెదురు బద్దలు. ఆ తెల్లసొనను గుడ్డ మీద గుండ్రంగా పరుస్తుంటే నొప్పిలో కూడా నాకు పెనమే గుర్తొచ్చింది. ఇంత పలుచగా నేను ఎప్పుడూ పోయలేదే అనుకున్నాను.

ఆరు వారాలు పెనం మా ఆవిడ చేతికి వెళ్లింది. ఇది రాయడానికి కొంచెం కష్టంగా ఉంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. ఆమె దోశ నా దోశకంటే బాగుంటుంది. అంచు విరిగితే పలుకుతుంది, నడిమి మెత్తగా ఉంటుంది, ఎర్రకారం ఎక్కడా గుంపు కట్టదు. పాత ఖాతాదారులు ముందు మొహమాటానికి బాగుందన్నారు. తర్వాత మొహమాటం మానేసి రెండోది అడిగారు. కట్టు విప్పిన రోజు పెనం దగ్గరికి వెళ్తే, స్టేషన్‌లో పనిచేసే ఒక పెద్దాయన, "అమ్మ లేదా?" అని అడిగాడు. ఆ రోజు నుంచి నేను ఇడ్లీ పాత్ర దగ్గరే ఉంటున్నాను.

మీ వ్యాసకర్త ఇది వింటే చేతులు చరిచి, చూశారా, చెయ్యి విరగడం వల్ల ఎంత మంచి జరిగిందో అంటారు. నేను ఒప్పుకోను. ఆమె నా పక్కన ఇరవై ఏళ్లకు పైగా నిలబడి ఉంది. ఒక్క పూట గరిటె ఆమె చేతికిచ్చి చూసి ఉంటే చాలు. ఇవ్వనిది నేను. నా బుర్ర తక్కువతనానికి మణికట్టు మూల్యం కట్టింది. దీనికి వరదకు దండం పెట్టమంటే ఎలా? దండం పెట్టాలంటే ఆమెకే పెట్టాలి. నేను పెట్టలేదు, పెడితే ఆమె ఆసుపత్రికి తీసుకెళ్తుంది. ఆమె పేరున కుడి పేజీలో ఒక పద్దు మాత్రం ఉంది, అంకె వేయకుండా వదిలేశాను.

ఇంకో కారణం కూడా ఉంది. వరదకు దండం పెట్టేస్తే కాలువ సంగతి ఎవరు అడుగుతారు? పూడిక తీయాల్సినవారు తీయలేదు, కట్టకూడని చోట కట్టినవారు కట్టారు, కట్టనిచ్చినవారు కట్టనిచ్చారు. కష్టం మనల్ని మలిచిందని మురిసిపోతూ కూర్చుంటే వాళ్లంతా హాయిగా తప్పుకుంటారు. పాలావిడకు ఋణపడిన నోటితోనే కాలువ ఎందుకు పూడింది అని అడగవచ్చు. ఒకటి చేస్తే రెండోది చేయకూడదని ఎక్కడా లేదు.

మీ వ్యాసంలో అమెరికా పరిశోధన ఒకటి ఉంది కదా, 2003లో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెక్‌కల్లో ప్రచురించింది. మా తమ్ముడి కూతురు మనస్తత్వశాస్త్రం చదువుతోంది. ఆ అమ్మాయిని అడిగి చెప్పించుకున్నాను. విద్యార్థులను మూడు గుంపులు చేసి, వారానికి ఒకసారి చొప్పున పది వారాలు రాయించారట. ఒక గుంపు ఆ వారంలో తాము కృతజ్ఞత చూపదగినవి ఐదు దాకా రాయాలి, ఒక గుంపు చికాకులు రాయాలి, మూడో గుంపు ఊరికే జరిగినవి రాయాలి. మొదటి గుంపువారు తమ జీవితం మెరుగ్గా ఉన్నట్టు చెప్పారు. సంతోషం. అయితే పెదనాన్నా, చికాకులు రాసిన గుంపును ఆ చికాకులకు మొక్కమని ఎవరూ అడగలేదు అంది ఆ అమ్మాయి. ఆ మాట మీ వ్యాసంలో లేదు. నా పుస్తకంలో మొదటి రెండు గుంపులూ పక్కపక్క పేజీల్లోనే ఉన్నాయి, అప్పుడప్పుడు ఒకే పేజీలో కూడా.

ఆ అమ్మాయే ఇంకొకటి చెప్పింది. 2005లో అచ్చయిన పరిశోధనలో మార్టిన్ సెలిగ్మన్ అనే ఆయన, ఆయన సహచరులు ఇలా చేయించారట: మనకు మేలు చేసి, మనం సరిగ్గా కృతజ్ఞత చెప్పకుండా వదిలేసిన మనిషికి ఒక ఉత్తరం రాసి, స్వయంగా తీసుకెళ్లి ఇవ్వాలి. అలా చేసినవారి సంతోషం నెల దాకా నిలిచిందట. బాగుందే అని పాలావిడకు ఒక పేజీ రాసి తీసుకెళ్లాను. ఆమెకు చదువు రాదు, నేనే చదివాను. రెండో వాక్యానికే ఆమె గేదె అడ్డొచ్చింది. మిగతాది పేడ తట్ట పక్కన నిలబడి చదివాను. అంతా విని, "రేపటి నుంచి ముప్పావు లీటరు పోయనా?" అంది. ఆమె సంతోషం ఎన్నాళ్లు నిలిచిందో చెప్పలేను. నేను మాత్రం ఇంటికి నడిచి వస్తూ దారిలో రెండుసార్లు కళ్లజోడు తుడుచుకున్నాను.

అప్పుడే అనిపించింది, ఇంకొక ఉత్తరం మిగిలి ఉందని. దాన్ని తీసుకెళ్లి ఇవ్వడానికి నా దగ్గర చిరునామా లేదు. అందుకని మీకు రాస్తున్నాను.

జుట్టు సంగతి చెబుతానన్నాను. ఆ బూడిద చొక్కా ఆయనను నేను ఒత్తయిన జుట్టుతో చూశాను. మొక్కు మిగిలిపోయింది కాబట్టి మళ్లీ వచ్చే ఉంటాడు. కొండ దిగేటప్పుడు గుండుతో దిగి ఉంటాడు. గుండ్లన్నీ ఒకేలా ఉంటాయి, గంధం పూస్తే మరీను. నా బండి ముందే నిలబడి, రెండు ఇడ్లీలు తిని, డబ్బిచ్చి, నేనిచ్చిన చిల్లర జేబులో వేసుకుని వెళ్లిపోయి ఉండవచ్చు. ఆ అనుమానం మొదలైనప్పటి నుంచి యాభై దాటిన గుండు కనబడితే చాలు, "అయ్యా, మీరు 2020 మార్చిలో వచ్చి వెనక్కి వెళ్లారా?" అని అడుగుతున్నాను. చాలామంది వింతగా చూస్తారు. కొందరు తమ కథ మొదలుపెడతారు, అప్పుడు పెనం మీద దోశ మాడుతుంది, మా ఆవిడ గరిటెతో బండిని కొడుతుంది. ఒకాయన మాత్రం అవును నేనే అని రెండు దోశలు, ఒక పొంగలి తిన్నాడు. తిన్నాక ఆ రోజు ఏ రంగు చొక్కా వేసుకున్నారని అడిగితే, పసుపు అన్నాడు. అయినా నేను డబ్బు తీసుకోలేదు. ఆకలితోనే చెప్పి ఉంటాడు.

ఆ ఐదు వందలు తిరిగి తీసుకోమని అడగను. హుండీకి చేరాల్సిన సొమ్ము ఆ రోజు స్టేషన్ బయట కూర్చున్నవాళ్ల కడుపులోకి చేరింది, ఆ లెక్క ఆయనకూ దేవుడికీ మధ్య ఉంది. నాకు కావలసింది పేరు. పద్దులో "పేరు తెలియదు" అని ఉన్నచోట కొట్టేసి రాయడానికి కొంచెం ఖాళీ కూడా వదిలాను.

ఆయన మీ పత్రిక చదివేవాడైతే ఇది కంటబడుతుందని ఆశ. బండి అదే చోట ఉంది. ఉదయం నాలుగున్నర నుంచి పదిన్నర దాకా. పెనం ముందు మా ఆవిడ ఉంటుంది, ఇడ్లీ పాత్ర పక్కన నేనుంటాను. దయచేసి కొండ ఎక్కకముందే రండి, జుట్టుతో.

ఇట్లు,
ఒక టిఫిన్ బండి మనిషి,
తిరుపతి.

(నా పేరు అచ్చు వేయవద్దని మనవి. మా ఇంటి ఓనరు కూడా మీ పత్రికే చదువుతాడు.)